లేత్ మీద మొదటి నెల: సైజు ఎందుకు తప్పుతుంది?

ఎండలు ముదిరేసరికి కెలమంగలంలోనైనా కడపలోనైనా సీలింగ్ ఫ్యాన్లు గరగరమనడం మొదలుపెడతాయి. విప్పి చూస్తే చాలాసార్లు పోయింది బేరింగే. విడిభాగాల అంగడికి వెళ్లి "6202 ఒకటి ఇవ్వప్పా" అంటే సరిపోతుంది. ఫ్యాన్ ఏ కంపెనీదని అంగడివాడు అడగడు. బేరింగ్ ఎక్కడ తయారైందని మనమూ అడగం. లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి కొలత 35, మందం 11. ఇంటికి తెచ్చి బిగిస్తే కూర్చుంటుంది.

ఎలా కూర్చుంటుంది? 15 మిల్లీమీటర్లు అంటే సరిగ్గా 15 అని కాదు. అంత కచ్చితంగా ఏ యంత్రమూ చేయలేదు. సాధారణ రకం 6202 బేరింగ్ రంధ్రం 15 కంటే పెద్దది కాకూడదు, చిన్నదైతే 8 మైక్రాన్లకు మించి చిన్నది కాకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒకరినొకరు ఎరగని రెండు ఫ్యాక్టరీలు వెంట్రుకలో తొమ్మిదో వంతు హద్దు లోపల ఒకే మాట మీద నిలబడ్డాయన్నమాట.

ఆ మాట నిలబెట్టే పనే మెషినింగ్. తమిళనాడులోని హోసూరు బతుకంతా దాని మీదే నడుస్తోంది. 1970ల్లో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కణ్నుంచే రోడ్డెక్కింది, అశోక్ లేలాండ్ కర్మాగారం మొదలైంది. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో పెట్టిన టైటాన్ కూడా ఈ ఊరినే ఎంచుకుంది. తర్వాతి రోజుల్లో టైటాన్ ఎడ్జ్ గడియారం కోసం చేసిన యంత్రభాగం మొత్తం మందం 1.15 మిల్లీమీటర్లే. ఈ పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ నాలుగైదు లేత్‌లతో నడిచే షెడ్లు పుట్టుకొచ్చాయి. హోసూరుకు దక్షిణాన, రాయకోట దారిలో ఉన్న కెలమంగలం లాంటి ఊళ్ల నుంచి రాగి చేలు చేసుకునే కుటుంబాల పిల్లలు ఈ పనుల్లోకి వస్తున్నారు. పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో నెలా నెలన్నర లేత్, మిల్లింగ్ నేర్పే చిన్న కోర్సులకు గిరాకీ ఉన్నది అందుకే.

అయితే నెల రోజుల్లో ఏం వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దారి తుపాకుల మీదుగా వెళుతుంది.

యాభై తుపాకుల గుట్ట

1785లో పారిస్ దగ్గర ఒక ఫ్రెంచి తుపాకీ పనివాడు, పేరు ఒనొరే బ్లాంక్, యాభై చెకుముకి తుపాకుల మీట యంత్రాలను ముక్కలుగా విప్పి థామస్ జెఫర్సన్ ముందు పెట్టాడు. అప్పటికి జెఫర్సన్ ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి. ఏ ముక్క చేతికొస్తే అది తీసుకుని తానే కొన్నింటిని బిగించానని, అన్నీ చక్కగా అమరాయని ఆగస్టు 30న స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఈ రోజు చదివితే ఇందులో వింతేముందనిపిస్తుంది. ఆ కాలంలో ప్రతి తుపాకీ ఒక ఒంటరి జీవి. దాని స్ప్రింగు దానికే, దాని మర దానికే. యుద్ధంలో ఒకటి విరిగితే కమ్మరి కూర్చుని ఆకురాయితో అరగదీసి దానికే సరిపోయేలా కొత్తది చేయాలి.

బ్లాంక్ చేసిందల్లా పనిని మనిషి కంటి నుంచి తప్పించి కొలబద్దలకు అప్పగించడం. ప్రతి భాగానికీ ఒక అచ్చు, దానికి సరిపోతేనే ముక్క లోపలికి. ఆ ఆలోచనే నేటి ఫ్యాక్టరీల్లో గో, నో-గో గేజ్ అయింది. ఒక కొస రంధ్రంలో దూరాలి, రెండో కొస దూరకూడదు. రెండూ దూరితే రంధ్రం పెద్దదైపోయింది, జాబ్ (చెక్కుతున్న ముక్క) స్క్రాప్. రెండూ దూరకపోతే ఇంకా కొంచెం చెక్కాలి. అంకె చదవాల్సిన పనే లేదు, కాబట్టి తగవూ లేదు.

కెలమంగలం మీదుగా పోయిన ఫిరంగులు

తుపాకీ పనిలో అసలు కష్టం రంధ్రం. పొడవుగా, తిన్నగా, ఒకే వెడల్పుతో ఉండాలి. హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని ఇప్పుడు పిలిచే చోట, నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగుల పోతశాల కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఫిరంగిని బోలుగా పోయాలంటే మూసలో మధ్యన మట్టి గుంజ నిలబెట్టి చుట్టూ కరిగిన లోహం పోయాలి. కరిగిన లోహం తాకిడికి ఆ గుంజ కాస్త కదిలినా రంధ్రం ఒక పక్కకు జరుగుతుంది. ఒకవైపు గోడ మందం, ఇంకోవైపు పలచన.

దీనికి యూరప్‌లో 18వ శతాబ్దం తొలినాళ్లలోనే స్విట్జర్లాండ్ పోతపనివాడు మారిట్జ్ ఒక ఉపాయం చూపించాడు. ఫిరంగిని గట్టిగా పోసి, ఆ తర్వాత తొలవాలి. తొలిచేటప్పుడు బరమాను కాకుండా ఫిరంగినే తిప్పాలి. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. బరమా తిరిగితే, దాని మొన ఒకసారి పక్కకు జరిగిందంటే ఆ పక్కకే పోతూ ఉంటుంది. జాబ్ తిరిగితే, పక్కకు జరిగిన మొన మీద లోహం చుట్టూ అన్ని వైపుల నుంచీ ఒత్తిడి పెట్టి దాన్ని మళ్లీ నడిమి అక్షం వైపు నెడుతుంది. లేత్ మీద డ్రిల్లింగ్ చేసే ప్రతి కుర్రాడూ ఈ ఉపాయాన్నే వాడుతున్నాడు, ఎవరు కనిపెట్టారో తెలియకుండా.

1774లో ఇంగ్లండులో జాన్ విల్కిన్సన్ ఫిరంగులు తొలిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కాగితం మీద బాగుంది గానీ, సిలిండర్ గుండ్రంగా రాక పిస్టన్ పక్కల నుంచి ఆవిరి జారిపోయేది. విల్కిన్సన్ తొలిచి ఇచ్చిన సిలిండర్ ఆ చిక్కు విప్పింది. ఫిరంగి గుండు పక్క నుంచి జారిపోయే మందు పొగా, పిస్టన్ పక్క నుంచి జారే ఆవిరీ ఒకే సందు సమస్య. ఆయుధశాలలో పుట్టిన ఒడుపు పారిశ్రామిక విప్లవానికి ఇరుసైంది.

అలాంటి ఫిరంగులు ఈ దారినా పోయాయి. 1799 మార్చిలో బ్రిటిష్ జనరల్ హారిస్ సైన్యం రాయకోట దాటి కెలమంగలం చేరింది. హైదరాబాద్ నిజాం బలగం కూడా దానితో ఉంది. అక్కణ్నుంచి టిప్పు సుల్తాన్ మీదికి, శ్రీరంగపట్నం వైపు కదిలారు. ఆ సైన్యం వెంట సాగిన ఫిరంగుల్లో ఏది తొలిచినదో, ఏది బోలుగా పోసినదో ఈ ఊరి రైతులకు పట్టలేదు గానీ, ఎద్దులకు మేత ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం బాగా గుర్తుండి ఉంటుంది.

ఇనుమును కత్తి కోస్తుందా?

ఇప్పుడు లేత్ దగ్గరికి వద్దాం. జాబ్‌ను పట్టుకుని తిప్పే చక్‌లో 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ బిగించారు. అది నిమిషానికి సుమారు 380 చుట్లు తిరుగుతోంది. హైస్పీడ్ స్టీల్ టూల్ దాని మీద ఆనగానే లోహం సుడులుగా లేచి వస్తుంది, అదే చిప్పు. చూసే కంటికి పెన్సిల్ చెక్కుతున్నట్టే ఉంటుంది. జరిగేది అది కాదు.

కర్రలో పీచు ఉంటుంది కాబట్టి కత్తి దాన్ని చీల్చుకుంటూ పోతుంది. ఉక్కులో పీచు లేదు. టూల్ మొన ముందున్న లోహాన్ని నెడుతుంది. నెట్టిన కొద్దీ ఒత్తిడి పెరిగి, ఒక స్థాయి దాటగానే ఆ లోహపు పలుచని పొర ఒకటి ఏటవాలుగా జారిపోతుంది. వెంటనే దాని వెనక పొర, ఆ తర్వాత దాని వెనక పొర. పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి ఒక పక్క నుంచి బొటనవేలితో తోస్తే ముక్కలు ఒకదాని మీదొకటి జారి కట్ట మొత్తం వాలిపోతుంది చూడండి, అచ్చం అలాగే. 1930ల్లో ఫిన్లండ్ ఇంజినీరు పీస్పానెన్ ఈ పేకముక్కల పోలికతోనే లోహపు కోతను వివరించాడు. ఇంజినీరింగ్ పుస్తకాలు ఇప్పటికీ దాన్నే వాడుకుంటున్నాయి.

ఇది నిజమో కాదో నేర్చుకునేవాడు తానే తేల్చుకోవచ్చు. టూల్ ఎంత మందాన తీయాలని పెట్టామో రాసుకోవాలి. యంత్రం ఆపి, చల్లారిన చిప్పును పటకారుతో పట్టుకుని (అంచులు బ్లేడులా ఉంటాయి, వేళ్లతో వద్దు) మైక్రోమీటర్‌తో కొలవాలి. చిప్పు మనం తీసిన మందం కంటే రెండు మూడు రెట్లు మందంగా ఉంటుంది. పొడవు అంతకు తగ్గట్టు కుదించుకుపోయి ఉంటుంది. నిజంగా చీల్చి ఉంటే అంతే మందం, అంతే పొడవు రావాలి కదా. జారి, ఒకదాని మీదొకటి పేరుకున్నాయి కాబట్టే మందమైంది. కోర్సు మొదటి వారంలో ఈ ఒక్క కొలత చేయిస్తే చాలు, తర్వాత చెప్పే సగం సంగతులు పిల్లలకు వాటంతటవే అర్థమవుతాయని నా నమ్మకం.

ఉదాహరణకు టూల్ ముఖం వాలు. వాలు ఎక్కువైతే పొరలు తేలిగ్గా జారుతాయి, మోటారుకు బరువు తగ్గుతుంది. మరి వాలు పెంచుకుంటూ పోవచ్చు కదా? పోతే మొన పలచబడి విరుగుతుంది. ఇత్తడికైతే వాలు దాదాపు ఉండకూడదు, ఉంటే టూల్ తనంతట తాను లోపలికి దిగబడిపోతుంది. పోత ఇనుములో పొరలు జారడం తక్కువ, పొడి పొడిగా రాలుతుంది. అల్యూమినియం నెమ్మదిగా కోస్తే దాని తునకలు టూల్ మొనకు అతుక్కుని, అవే మొనలా పనిచేయడం మొదలుపెడతాయి. పైన గరుకు తేలిందంటే కారణం చాలాసార్లు అదే. వేగం పెంచమని మేస్త్రీ చెప్పేది అందుకే.

బాక్స్: మ్యూనిక్ ఫిరంగి కాచిన నీళ్లు

పొరలు జారినప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. దీన్ని అందరికీ కనిపించేలా చూపించింది కూడా ఫిరంగి పనే. మ్యూనిక్ ఆయుధశాలలో కౌంట్ రమ్‌ఫర్డ్ కావాలనే మొద్దుబారిన బరమా పెట్టి, గుర్రాలతో యంత్రం తిప్పించి, తొలిచే చోటును నీటి పెట్టెలో ముంచాడు. రెండున్నర గంటలకు నీళ్లు మరిగాయి. నిప్పు లేదు. వేడి అనేది వస్తువుల్లో దాగి ఉండే ఒక ద్రవం అని అప్పటి పండితులు నమ్మేవారు. తొలుస్తున్నంతసేపూ తరగకుండా వస్తున్నది ద్రవం కాలేదు, అది చలనమే అయి ఉండాలని రమ్‌ఫర్డ్ 1798లో లండన్ రాయల్ సొసైటీకి చెప్పాడు. లేత్ మీద చిప్పు నీలంగా రావడం అదే సంగతి చెబుతోంది. ఉక్కు పైపొర సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం తేలుతుంది.

సైజు తప్పే మూడు దార్లు

డ్రాయింగ్‌లో 50 మిల్లీమీటర్లు అని ఉంది. కుర్రాడు జాగ్రత్తగా తిప్పాడు, కొలిచాడు, సరిగ్గా 50. తీసి పక్కన పెట్టాడు. భోజనం చేసి వచ్చాక ఇన్‌స్పెక్షన్‌లో జాబ్ తిరగ్గొట్టారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మొదటి దొంగ వేడి. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే ప్రతి మీటరుకూ పదకొండున్నర మైక్రాన్లు పెరుగుతుంది. టూల్ కింద నలిగి 60 డిగ్రీలకు చేరిన 50 మిల్లీమీటర్ల జాబ్, 20 డిగ్రీలకు దిగేసరికి 23 మైక్రాన్లు కుదించుకుపోతుంది. ఆ సైజులో మామూలుగా ఇచ్చే ఒక హద్దు 16 మైక్రాన్లు. అంటే చల్లారడంతోనే అవుట్. అసలు కొలత ఏ వేడిమి దగ్గర అనే దాని మీద ప్రపంచం 1931లో ఒక ఒప్పందానికి వచ్చింది: 20 డిగ్రీల సెల్సియస్. మంచి ఫ్యాక్టరీల్లో కొలతల గదికి ఏసీ ఉండేది మనుషుల సుఖం కోసం కాదు.

రెండోది వంపు. కడ్డీ ఎంత గట్టిదైనా టూల్ నెట్టినప్పుడు కాస్త వంగుతుంది. చక్ బయటికి తేలిన పొడవు రెట్టింపు చేస్తే అంతే బలానికి వంపు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. కొసన ఉన్న లోహం టూల్ నుంచి తప్పించుకుని తక్కువ తెగుతుంది, కాబట్టి జాబ్ చక్ దగ్గర సన్నంగా, కొసన లావుగా వస్తుంది. యంత్రం పాతదై పోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. టెయిల్‌స్టాక్ సెంటర్‌తో కొసను ఆనిస్తే చిక్కు చాలావరకు తీరిపోతుంది.

మూడోది చేతి చక్రంలోని వదులు. మరకూ నట్టుకూ మధ్య సన్నని సందు లేకుండా చక్రం తిరగదు. ముందుకు తిప్పి, ఎక్కువైందని కాస్త వెనక్కి తిప్పితే డయల్ మీద అంకె మారుతుంది, టూల్ మాత్రం కదలదు. అందుకే వెనక్కి రావాలంటే అర చుట్టు వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తూ అంకె దగ్గర ఆగాలి. దీనికి తోడు, చాలా యంత్రాల్లో టూల్‌ను పదో వంతు మిల్లీమీటరు లోపలికి తోస్తే వ్యాసం రెండు పదో వంతులు తగ్గుతుంది, రెండు పక్కలా తెగుతుంది కాబట్టి. మొదటి వారం స్క్రాప్ డబ్బాలో పడేవాటిలో ఈ బాపతు చాలా ఉంటాయి.

బాక్స్: వందో వంతును కంటికి చూపే మర

మైక్రోమీటర్‌లో గారడీ ఏమీ లేదు. లోపల ఒక సన్నని మర ఉంటుంది. ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు జరుగుతుంది. ఆ మరను తిప్పే గొట్టం మీద 50 గీతలు ఉంటాయి. అర మిల్లీమీటరును 50 చేస్తే ఒక్కో గీతకు వందో వంతు మిల్లీమీటరు, అంటే 10 మైక్రాన్లు. ఎంత గట్టిగా బిగించాలన్నది చేతికి వదిలేయకుండా చివర ర్యాట్చెట్ టిక్ టిక్ మని ఆపుతుంది. దాన్ని వాడకుండా గొట్టం పట్టుకుని బిగిస్తే ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి.

తుపాకీ పని ఇక్కడెందుకు నేర్పరు?

అమెరికాలో వేసవి వచ్చిందంటే కొలరాడోలోని ట్రినిడాడ్, కాలిఫోర్నియాలోని లాసెన్ వంటి కళాశాలల్లో తుపాకీ మరమ్మతు మీద పొట్టి కోర్సులు నడుస్తాయి. కొన్ని మొదటి మెట్టు లేత్ పాఠాలతోనే మొదలవుతాయి. మనకు అలాంటివి లేవు, కుదరవు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడమే కాదు, బాగుచేయడం, మార్చడం, పరీక్షించడం కూడా నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష తక్కువలో తక్కువ ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. తమిళనాడులో తుపాకులు చేసే చోటు ప్రభుత్వ రంగంలో ఉంది. 1966 నాటి తిరుచ్చి ఆయుధ కర్మాగారం అది.

అయినా ఈ చుట్టుపక్కల నాటు తుపాకీ అన్నది తెలియని మాటేమీ కాదు. దేన్కణికోట, అంచెట్టి అడవుల అంచున రాగి చేలకు ఏనుగులు, అడవిపందులు వస్తాయి. భయంతోనో వేట ఆశతోనో దొంగచాటున నాటు తుపాకీ దాచుకునేవాళ్లు ఉన్నారు. చట్టం సంగతి పక్కనపెట్టి భౌతికశాస్త్రం వైపే చూసినా అది పట్టుకున్నవాడికే గండం. గొట్టం లోపల ఒత్తిడి పుట్టినప్పుడు దాన్ని అడ్డంగా తెంపే లాగుడు కంటే పొడుగునా చీల్చే లాగుడు రెట్టింపు. నీళ్ల పైపు చలికి పగిలినా నిలువునా చీలేది అందుకే. అతుకు ఉన్న గొట్టం, లోపలి పగులు కంటికి ఆనని గొట్టం ఏదో ఒక రోజు ముఖం పక్కనే చీలుతుంది. 1813 నుంచి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో ప్రతి తుపాకీనీ మనుషులకు దూరంగా పెట్టి, మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూశాకే ముద్ర వేస్తూ వచ్చారు. ఆ అడుగు లేని చోట పరీక్ష యజమాని భుజం మీదే జరుగుతుంది.

మరోవైపు తుపాకీ గొట్టాల కోసం పుట్టిన లోతు రంధ్రాల విద్య చట్టబద్ధంగా ఫ్యాక్టరీల్లో హాయిగా బతుకుతోంది. క్రాంక్‌షాఫ్టుల్లో నూనె పోయే సన్నని దారులు, డీజిల్ ఇంజెక్టర్ల రంధ్రాలు, ప్లాస్టిక్ అచ్చుల్లో నీటి దారులు గన్ డ్రిల్‌తో తొలిచేవే. పొడుగాటి ఒంటి మొన టూల్ మధ్యలోంచి ఒత్తిడితో నూనె లోపలికి పోతుంది. పక్కనున్న గాడిలోంచి అది చిప్పులను మోసుకుని బయటికి వస్తుంది. ఈ యంత్రం నడపడం వచ్చినవాడికి పనికి కొదవ ఉండదు.

ఒక నెలకు ఏం అడగాలి

నెల రోజుల్లో టర్నర్ అయిపోతారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఐటీఐల్లో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్లవి ఊరికే పెట్టలేదు. హోసూరులో ప్రభుత్వ ఐటీఐ ఉంది. తమిళనాడు ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 71 ప్రభుత్వ ఐటీఐలను కొత్త యంత్రాలతో నింపింది. తెలుగు రాష్ట్రాల వాళ్లకైతే హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ ఉంది. అక్కడ దీర్ఘకాలపు డిప్లొమాలతో పాటు పొట్టి కోర్సులూ ఉన్నాయి.

పొట్టి కోర్సుల్లో నాకు నచ్చని పోకడ ఒకటుంది. మొదటి రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సీఎన్‌సీ ప్రోగ్రాం టైపు చేయిస్తారు. తెర మీద టూల్ చక్కగా తిరుగుతుంది, తల్లిదండ్రులకు చూపించడానికి బాగుంటుంది. తెర మీద కడ్డీ వంగదు, వేడెక్కదు, చిప్పు అతుక్కోదు. నెల చివర సర్టిఫికెట్ చేతికొస్తుంది గానీ జాబ్ ఎందుకు పోయిందో చెప్పే ఊహ రాదు. ఆకురాయితో ఒక ముక్కను చదును చేయడం, మూలమట్టంతో వెలుతురు చూసుకోవడం, మామూలు లేత్ మీద ఒక పిన్ను, దానికి అమరే ఒక బుష్ చేయడం. ముందు ఇవి చేశాక సీఎన్‌సీ ముందు కూర్చుంటే, అక్కడ ఇచ్చే ప్రతి అంకె వెనకా ఒక బరువు ఉందని చేతికి తెలుస్తుంది.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి కొన్ని. ఒక్కో లేత్‌కు ఎంతమంది? నలుగురు దాటితే మీవాడు చూస్తాడే తప్ప చేయడు. ఒక్కొక్కరికీ విడిగా మైక్రోమీటర్ ఇస్తారా? చక్ కీ చక్‌లోనే వదిలేసి యంత్రం ఆన్ చేస్తే ఏమవుతుందో మొదటి గంటలోనే చెబుతారా? వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, తిరిగే జాబ్ దగ్గర చేతి గ్లోవ్స్ వద్దంటారా? గ్లోవ్స్ రక్షణ అనుకుంటారు చాలామంది, తిరిగే కడ్డీకి గ్లోవ్ చిక్కితే చేయి దానితో పాటే పోతుంది. ఇక చివరిది, పాడైన ముక్కలకు డబ్బు వసూలు చేస్తారా? చేస్తే పిల్లలు తప్పు దాచిపెడతారు, పాడైన జాబ్‌ను కొలవకుండానే స్క్రాప్ డబ్బాలోకి విసిరేస్తారు. దాన్ని పక్కన పెట్టి ఎన్ని మైక్రాన్లు, ఏ కొసన, వేడిగా ఉన్నప్పుడా చల్లారాకా అని అడిగి రాయించే చోటు దొరికితే, కొంచెం దూరమైనా అక్కడికే పంపండి.